పేరే ఆయువైన ఆట

కార్తీక పౌర్ణమినాటి యుదయమున మంగినపూడిలో సముద్రస్నానము ముగించుకొని, తడిబట్టలు ఒంటిమీదనే ఆరుచుండగా ఒడ్డున నిలిచియుంటిని. చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవములకు వచ్చిన జనమంతయు ఆ ఉదయము అక్కడనే యున్నట్లుండెను. ఆ సమ్మర్దమునకు కొంత యెడముగా, తాళ్ళపాలెపు వైపున, పదిపండ్రెండుగురు కుఱ్ఱవాండ్రు మడమలతో నేలపై గీత గీచి చెడుగుడు ఆడుచుండుట కంటబడగా, మ్రొక్కులు, దీపములు, అరటిదొప్పలు అన్నియు మఱచి అటు నడచితిని. మంగినపూడి తీరము తక్కిన తీరములవలె తెల్లని ఇసుక కాదు, నల్లని నేల, అడుగు పెట్టినచోట అడుగు అచ్చుపడి నిలుచును, క్రింద పడినవానికి పెద్దగా దెబ్బ తగులదుగాని లేచునప్పటికి వాడు ఆ నేలరంగునకు తిరిగియుండును. ఏ కుఱ్ఱవాడు ఏ జట్టువాడో గుర్తుపట్టుట నాకు కష్టమైపోయినది. అందఱును ఒక్క వర్ణమువారే.

వారిలో సన్నగా పొడుగుగా నున్న యొకడు కూతకు పోయెను. ఎదుటివారిలో నొకనిని మునివ్రేళ్ళతో తాకి వెనుదిరుగునంతలో ఇద్దఱు నడుము పట్టిరి, ఒకడు చీలమండ పట్టెను. వాడు బోరగిల పడి, రొమ్ముతో నేలను దున్నుచు, కుడిచేయి గీతవైపు చాచి, నోట చెడుగుడును మాత్రము విడువక, ఆ శబ్దము సన్నగిలి సన్నగిలి పెదవుల కదలికగా మాత్రమే మిగిలిన తఱిని వ్రేలికొనను గీతకు ఆనించెను. ప్రక్కను వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు తలయెత్తి తీర్పు చెప్పెను.

“కూత ఆగిందిరా అబ్బాయ్. చచ్చావ్, బయటికి రా.”

“ఆగలేదు తాతా! సముద్రం హోరులో నీకు వినపడలేదంతే.”

“వినపడని కూత కూతెట్టా అవుద్దిరా?”

నేను నవ్వి ఊరకుంటిని గాని, బందరు బస్సులో కూర్చుండినంతసేపును ఆ మాటలే చెవిలో మెదలుచుండెను. ఆ తాతకును మనుమని యీడువానికిని జరిగినది మన దేశమున ఎన్నియో శతాబ్దములు సాగిన వాదమే గదా. శబ్దము నిత్యమా, అనిత్యమా యను ప్రశ్న నడుమ గీతయై నిలువగా, మీమాంసకులు ఒక వైపునను నైయాయికులు ఒక వైపునను బారులుతీరి, ఒకరి బరిలోనికొకరు పోయివచ్చుచు, పట్టుబడుచు, విడిపించుకొనుచు ఆడిన ఆట అది. శబ్దమెప్పుడును ఉన్నదే, మన నోటి ప్రయత్నము దానిని వ్యక్తపఱచునే గాని పుట్టింపదు, కనుక వినబడకున్నంతమాత్రమున లేదనరాదు అనువారు జైమిని మతస్థులు. పలికినప్పుడు పుట్టినది గావున అది నశించును. పలుకకముందు ఉన్నదే యైనచో ఏల వినబడలేదు? అడ్డము వచ్చినదేదో చూపుము, అని నిలదీయువారు గౌతముని మతస్థులు. చూపజాలని మీమాంసకులు ఎందఱు తడబడిరో గాని, మంగినపూడి కుఱ్ఱవాడు మాత్రము తడుముకొనక అడ్డమును చూపెను: బంగాళాఖాతము. ఇంతకన్న పెద్ద అడ్డమును ఏ తార్కికుడు కోరగలడు?

ఆటల పుట్టుకను, వాని పేర్ల పుట్టుకను విచారించువారు లోకమున పెక్కుమంది కలరు. వారి శ్రమవలన తెలియవచ్చునదేమనగా, జగత్ప్రసిద్ధములైన జట్టు ఆటలలో చాలవాని పేర్లు ఆటలోని యేదో యొక వస్తువునుబట్టియో, ఊరినిబట్టియో, సంఘమునుబట్టియో వచ్చినవి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు వై.ఎం.సి.ఏ. శిక్షణశాలలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున నాలుగుగోడల నడుమ ఆడదగిన ఆట యొకటి కావలెనన్న పైవారి యాజ్ఞ ననుసరించి, పదుమూడు నియమములు వ్రాసి, పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని ఎత్తున కొట్టించి, ఒక ఆటను కల్పించెను. శిష్యుడొకడు దీనికి మీ పేరే పెట్టుదమనగా ఆయన నవ్వి, ఆ పేరు పెట్టినచో ఎంతటి యాటయైనను చచ్చునని వారించెనట. బుట్టయు బంతియు ఎదుటనే యున్నవి గనుక బాస్కెట్‌బాల్ అయినది. నాలుగేండ్ల పిమ్మట ఆ చేరువనే హోల్యోకులో విలియం మోర్గన్ కల్పించిన ఆటకు మొదట మింటొనెట్ అను ముద్దుపేరుండెను. మరుసటి యేట దానిని చూచిన యొకాయన, బంతిని నేలబడనీయక గాలిలోనే యెదురుకొట్టుటను గమనించి, వాలీబాల్ అనిన బాగుండునన్నాడు, ఆ పేరు నిలిచినది. రగ్బీ ఒక బడియున్న ఊరిపేరు. సాకర్ అనునది అసోసియేషన్ అను మాట నడిమిముక్కకు ఆంగ్లవిద్యార్థులు తగిలించిన తోక. 1863లో లండనులో ఏర్పడిన ఫుట్‌బాల్ సంఘము పేరు ఇట్లు విఱిగి, అరిగి, అట్లాంటిక్ దాటిపోయినది. క్రికెట్టు వీనికన్నను ముదుసలి. 1598లో గిల్డ్‌ఫర్డు న్యాయస్థానమున ఒక భూమితగవులో సాక్ష్యమిచ్చిన జాన్ డెరిక్ అను పెద్దమనిషి, తాను ఏబది యేండ్లకు పూర్వము బడిపిల్లవాడుగా ఆ నేలమీద క్రెకెట్టు ఆడితినని చెప్పగా, ఆ పేరు కాగితముమీది కెక్కినది. పొలముగట్టు తగవులో సాక్ష్యమునకు వచ్చిన పేరన్నమాట. మా కృష్ణాజిల్లావారికి ఈ సంగతి మిక్కిలి రుచించునని నా తలంపు.

బందరునుండి నాగపురమునకు తరలిపోయిన తెలుగు కుటుంబమున 1895లో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడు 1932 జూన్‌లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొట్టమొదటి టెస్టుజట్టునకు నాయకుడై నిలిచినప్పుడు, తెలుగువాడు ఆ ఆటను తనదిగా చేసికొనెనే గాని దాని పేరు మార్చవలెనని ఎవరికిని తోచలేదు. కాలిబంతి, పాదకందుకము వంటి పేర్లు కల్పించిన భాషాభిమానులు లేకపోలేదు. ఆ పేర్లు పుస్తకములలో సుఖముగా నిద్రించుచున్నవి.

ఈ పేర్లన్నియు బయటినుండి పెట్టినవి. ఫుట్‌బాల్ ఆడువాడు ఫుట్‌బాల్, ఫుట్‌బాల్ అనుచు పరుగెత్తడు. క్రికెట్టు ఆటగాడు క్రికెట్టు అను మాట జన్మలో నోటరానీయకున్నను నూఱు పరుగులు తీయగలడు. పేరు లేకున్నను ఆ యాటలున్నవి. చెడుగుడు సంగతి అది కాదు. ఇచట పేరు పలుకుటయే ఆట. పలుకు తెగినచో ఆట తెగినది, ఆడువాడు చచ్చినాడు. తమిళులు సడుగుడు అన్నను, మహారాష్ట్రులు హుతుతు అన్నను, వంగీయులు హాడుడు అన్నను, ఉత్తరాదివారు కబడ్డి అన్నను, అవన్నియు ఆటగాని నోట ఊపిరితో వెడలిన శబ్దములే గాని ఎవరో గట్టుమీద కూర్చుండి ఆలోచించి పెట్టిన పేర్లు కావు. ప్రపంచమునందలి జట్టు ఆటలలో తన పేరును తానే జపించుచు ఆడబడునది నాకు తెలిసినంతలో ఇదియొక్కటే.

ఆ జపమునకు అర్థమేమి యని అడుగువారుందురు. అర్థము లేకపోవుటయే దాని గొప్పతనమని నేననుకొందును. సామగానమున ఋక్కులోని మాటల నడుమ హావు, హోయి యను స్తోభాక్షరములు వచ్చును. వానికి నిఘంటువులో అర్థము వెదకరాదు, అవి లేక సామము సామము కాదు. కౌత్సుడను పూర్వాచార్యుడు మంత్రములన్నియు అర్థరహితములే యని వాదించినట్లును, యాస్కుడు ఆ వాదమును ఖండించినట్లును నిరుక్తమున కలదు. యాస్కుని పక్షమే శిష్టులందఱును గ్రహించిరి, నేనును గ్రహింతును, అయినను చెడుగుడు ఆడుచున్నవానిని చూచినప్పుడెల్ల కౌత్సుడు ఒకమూల నిలిచి చిఱునవ్వు నవ్వుచున్నట్లే తోచును.

ఈ ఆటకు కర్త యెవడు? బుట్టబంతికి నైస్మిత్ ఉన్నట్లు చెడుగుడునకెవడునులేడు. కర్త స్మరణకు రాడు గావున వేదము అపౌరుషేయమని మీమాంసకులు చెప్పిన హేతువునే పట్టుకొని, చెడుగుడు కూడ అపౌరుషేయమనవచ్చునా? అనరాదు. పాత నూతిని త్రవ్వించినవానిని ఊరు మఱచిపోయినంతమాత్రమున ఆ నూయి తనంతతాను పుట్టినదగునా అని ప్రతిపక్షులు అప్పుడే అడిగిరి. అదియే నిజమైనచో కోతికొమ్మచ్చియు బిళ్ళంగోడును గూడ శ్రుతులు కావలసివచ్చును. అయితే ఇందుకన్న పెద్దపొరపాటు మఱియొకటి యిప్పుడు వాడుకలోనున్నది. ఈ ఆట మహాభారతములోనిదేయనియు, పద్మవ్యూహమును చొచ్చిన అభిమన్యునితో పుట్టినదనియు వేదికలెక్కి చెప్పుచున్నారు. ఒకడు లోనికి పోవుట, పలువురు చుట్టుముట్టుట రెండింటను కలదు, అంతవఱకే పోలిక. అభిమన్యునికి లోనికి పోవుటయే తెలియును, మరలుట తెలియదు; చెడుగుడు ఆడువానికి మొదట నేర్పునది మరలుట. పదియేండ్ల పిల్లవాడు కూడ ఎదుటి బరిలో కాలు పెట్టినది మొదలు ఒక కన్ను వెనుకటి గీతమీద ఉంచును. ఏ విద్య లేక అభిమన్యుడు మడిసెనో, ఆ విద్యకే అంకితమైన ఆటకు అతనిని మూలపురుషునిగా చేయుట న్యాయముగా లేదు. మన ఆటకు ప్రాచీనత కావలెనని భారతమునకు పరుగెత్తనక్కరలేదు. తెలుగుభాషలోనే దానికి చాలినంత ప్రాచీనత ఉన్నది.

ఆడు అను క్రియను చూడుడు. తెలుగువాడు ఆట ఆడును, మాటలాడును, నీరాడును, వేటాడును, పోట్లాడును, ఇష్టమైనవారిని కొనియాడును. ఆకు ఆడుట లేదన్నచో గాలి లేదని యర్థము. చేతిలో డబ్బు ఆడుట లేదన్నచో నెలాఖరు అని యర్థము. మిల్లు ఆడును, సినిమా ఆడును, ఆడినమాట తప్పనివానిని లోకము మెచ్చును. వీనియన్నింటికన్న నన్ను ఆశ్చర్యపఱచునది మఱియొకటి: ఊపిరి ఆడుట. ఇఱుకుగదిలో కూర్చుండినవాడు “ఊపిరాడటం లేదండీ, కిటికీ తియ్యండి” అనును. అనగా ఊపిరికి కదలికయే బ్రతుకు, ఆ కదలికకు తెలుగువాడు పెట్టిన పేరు ఆట. క్రీడకు, వాక్కునకు, ప్రాణమునకు ఒక్కటే క్రియ చాలునని ఈ భాష యెప్పుడో నిశ్చయించుకొన్నది. ఈ మూడును ఒక్క దేహమున, ఒక్క క్షణమున, ఒక్కటిగా కనబడు స్థలము కూతకు పోయినవాని నోరు. వాడు ఆడుచున్నాడు, మాట ఆడుచున్నాడు, ఊపిరి ఆడించుచున్నాడు. ఏది ఆగినను మూడును ఆగును.

ఉపనిషత్తులలో దీనికి సాక్ష్యము వెదకినవానికి కౌషీతకి చేతికి దొరకును. ప్రతర్దనుని పేర అందొక ఉపాసన చెప్పబడినది. దానికి ఆంతరాగ్నిహోత్రమని పేరు. మనుష్యుడు మాటలాడుచున్నంతసేపు ఊపిరి పీల్చలేడు, అప్పుడు ప్రాణమును వాక్కున హోమము చేయుచున్నాడు. ఊపిరి పీల్చుచున్నంతసేపు మాటలాడలేడు, అప్పుడు వాక్కును ప్రాణమున హోమము చేయుచున్నాడు. మేలుకొన్నను నిద్రించినను ఈ రెండాహుతులును ఎడతెగక నడచుచునే యుండును. బయటి యగ్నిహోత్రమునకు సాయంప్రాతఃకాలములు కలవు. దీనికి కాలనియమము లేదు. సామాన్యులమైన మనము ఈ హోమమును తెలియకయే చేయుచుందుము. కూతకు పోయినవాడు దీనిని తెలిసి చేయును. లోనికి గాలి తీయకుండ, ఉన్న ప్రాణమునంతయు చెడుగుడు అను రెండు జతల అక్షరములలో కొంచెము కొంచెముగా పోయుచు, అది యయిపోకముందే గీత చేరవలెనని వాని తొందర.

ఛాందోగ్యమున మొదటి ప్రపాఠకమునందు ఇంకను దగ్గఱిమాట కలదు. ప్రాణాపానముల సంధిని వ్యానమందురు. వాక్కు ఆ వ్యానమే. అందుచేతనే పలుకునప్పుడు మనుష్యుడు ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములు మానును. అంతియే కాదు, అరణిని మథించి నిప్పు పుట్టించుట, పందెపుగుఱికి పరుగెత్తుట, బిఱుసైన విల్లు వంచుట వంటి బలముగల పనులన్నియు ఊపిరి బిగబట్టియే చేయుదురు అని ఋషి చూపెను. ఆ ఋషి వ్యాయామశాలకు పోయినవాడో, పోయినవారిని శ్రద్ధగా చూచినవాడో అయియుండవలెను. ఈ మాట గుడ్డలో కట్టిన పుస్తకమును చూచి చెప్పునది కాదు. అదే యుపనిషత్తున సప్తమప్రపాఠకమున నారదుడు సనత్కుమారుని చేరినప్పుడు, ఆయన మొట్టమొదట చూపిన మెట్టు నామము. నామమును ఉపాసింపుము, దానికన్న గొప్పది వాక్కు, దానికన్న మనస్సు అనుచు మెట్టు వెనుక మెట్టుగా పదునైదవదానికి చేర్చును. ఆ పదునైదవది ప్రాణము. నారదుడు నామమునుండి ప్రాణమునకు ఎక్కిన పదునైదు మెట్లను చెడుగుడు ఆడువాడు ఒక్క మెట్టుగా చేసికొనును. అతనికి నామమును ప్రాణమును వేఱుగా లేవు. ఇది జ్ఞానమని నేననను. నారదునకు కలిగిన శోకము వానికి లేదు, వానికి కావలసినది పాయింటు. అయినను, భక్తులు నామస్మరణము శ్వాసతో కలిసిపోవలెనని యేండ్లకొలది సాధనచేయుచుండగా, మట్టికొట్టుకొనిన ఈ కుఱ్ఱవానికి అది సాయంకాలపు అలవాటుగా అబ్బినది గదా యని కొంచెము అసూయ కలుగును.

పరిపూర్ణుడైన పరమేశ్వరునకు సృష్టిచేయ పనియేమి? కోరిక యున్నదందుమా, పరిపూర్ణుడు కాడు. కోరిక లేదందుమా, సృష్టికి ప్రయోజనము లేదు. ఈ చిక్కునకు బాదరాయణుడు బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయమున చెప్పిన సమాధానము లీల. దానిని వివరించుచు శంకరభగవత్పాదులు రెండు దృష్టాంతము లిచ్చిరి. అన్ని కోరికలును తీరిన రాజు ఉద్యానవనమున విహరించుట ఒకటి. రెండవది మన ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములు. ఏ ప్రయోజనమును తలపెట్టకయే ఊపిరి స్వభావమువలన ఎట్లు ఆడునో, అట్లే ఈ సృష్టియు అని భావము. ఆటకును ఊపిరికిని ముడివేసిన ఆచార్యుని యీ వాక్యము చదివినప్పుడు, ఊపిరి ఆడుచున్నది అను తెలుగుమాటకు ఇంతకన్న మంచి భాష్యము దొరకదని నాకు తోచినది. ఆచార్యుడు తెలుగువాడు కాడు. కాని ఆ భాష్యము తెలుగువానికి సులభముగా తెలియును.

లీల యనగానే మా ప్రాంతమువారికి మువ్వగోపాలుడును, కూచిపూడి సత్యభామయు జ్ఞప్తికి వత్తురు. నాకు మాత్రము భాగవత దశమస్కంధములోని జట్టు ఆట జ్ఞప్తికి వచ్చును. వేసవిలో ఆలమందలను తోలుకొని పోయిన గోపబాలురు రామకృష్ణులు చెఱియొకవైపున నాయకులుగా రెండు జట్లయిరి. ఓడినవారు గెలిచినవారిని వీపుమీద మోయవలెనని పందెము. భాండీరకమను మఱ్ఱిచెట్టు గుఱుతు. కృష్ణుని జట్టు ఓడినది. జగత్తును మోయుచున్నవాడు శ్రీదాముడను గొల్లపిల్లవానిని వీపున మోసికొనిపోయెను. బలరాముని మోసినవాడు ప్రలంబుడను రాక్షసుడగుటయు, గుఱుతు దాటి పరుగెత్తుటయు, గుద్దుదెబ్బకు చచ్చుటయు తరువాతి కథ. పౌరాణికులు ఆ రాక్షసవధమునే విస్తరించి చెప్పుదురు. వారు వడిగా దాటిపోవు ఆ మోతయే నాకు ముఖ్యము. ఈశ్వరుడు ఆడుననుట అందఱును చెప్పిన మాటయే. ఓడిపోవుటకు ఒప్పుకొని ఆడెననుట మాత్రము జట్టు ఆటవలననే తెలియవచ్చినది. ఓడుటకు వీలులేనివాడు ఆడుట ఆట కాదు, నటన. శ్రీదాముడు ఆ వీపునుండి దిగుటకు తొందరపడినట్లు ఎక్కడను లేదు.

చావును ఇంత తేలికగా పలుకు ఆట మఱియొకటి లేదు. పిల్లలు “నువ్వు చచ్చావ్”, “మావాడు బతికాడు” అని అరచుచుండగా వినువారెవ్వరును ఉలికిపడరు. ఎదుటివారిలో ఒకడు చచ్చినచో మనవారిలో ముందు చచ్చినవాడు ముందుగా బ్రతికి బరిలోనికి వచ్చును. గత శతాబ్దపు తొలిదశకములలో మహారాష్ట్రమున ఈ ఆటకు నియమములు కూర్చినప్పుడు, చచ్చినవారు తిరిగి బ్రతుకు పద్ధతికి సంజీవని యనియు, చచ్చినవాడు చచ్చినట్లే యుండు పద్ధతికి గామిని యనియు పేర్లు వాడుకలోనుండెను. కచుడు శుక్రాచార్యుని కడుపు చీల్చుకొని తెచ్చిన విద్యపేరు ఆటలలో నిలిచియుండుట ముచ్చటయైన విషయము. ఇందొక ధర్మసందేహము కలదు. చేసినవాని కర్మము చేసినవానికే యని శాస్త్రము. గట్టుమీద చచ్చి కూర్చుండినవాడు ఏమి చేసి బ్రతికినాడు? వాడేమియు చేయలేదు, వాని స్నేహితుడు ఊపిరి బిగబట్టి ఎదుటి బరిలోనికి పోయి ఒకనిని తాకి వచ్చినాడు. ఒకని పుణ్యము మఱియొకనికి ముట్టునా అను ప్రశ్నకు కర్మవాదులు తల అడ్డముగా త్రిప్పుచునే, కొడుకు పెట్టిన పిండము తండ్రికి చేరునని మాత్రము ఒప్పుకొందురు. శ్రాద్ధమునకు ఒప్పుకొన్నవారు చెడుగుడునకు ఒప్పుకొనకుండుట ఎట్లు? జట్టు అనునదే, నా చావు నీ దోషమై, నా బ్రతుకు నీ ప్రయోజకత్వమగుటకు అంగీకరించిన కొందఱి కూడిక. ఒంటరి ఆటలలో ఈ వేదాంతము లేదు.

ఇక పేరు మారిన సంగతి. 1936లో బెర్లిను ఒలింపిక్కుల సందర్భమున అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు ఈ ఆటను ప్రదర్శించిరి. అది విదర్భలోని అమరావతి, మన అమరావతి కాదు. 1950లో అఖిలభారత సమాఖ్య ఏర్పడినది. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకముల ఆటయై మనవారికి బంగారము తెచ్చినది. ఈ ప్రయాణములో ఆటకు కబడ్డి యను పేరు స్థిరపడినది. పేరు స్థిరపడుటలో దోషము లేదు. పది ప్రాంతములవారు కూడి ఆడునప్పుడు ఒక్క పేరుండక తప్పదు. కాని ఈ ఆటలో పేరు మారుట యనగా పలకమీది అక్షరములు మారుట కాదు గదా. నోటిలోని కూత మారవలెను. కబడ్డి యను అంగీకృతశబ్దమునే స్పష్టముగా పలుకవలెనని నియమము. గుడివాడ ప్రాంతపు ఒక పాఠశాలలో నేను చదువుకొనునప్పుడు, ఎదుటివారిలో ఇద్దఱిని తాకి, ఊపిరి తెగకుండ గీత దాటి వచ్చిన నన్ను డ్రిల్లుమాస్టరుగారు ఈల వేసి చచ్చినవానిగా ప్రకటించిరి. నా అపరాధము చెడుగుడు అనుట. “ఊళ్ళో ఆటకీ పోటీల ఆటకీ తేడా తెలీదుట్రా?” అనిరి. తెలియదు. ఏబది యేండ్లయినను ఆ పాయింటు నాకు రావలసియే యున్నదని నమ్ముచున్నాను.

నామము మారినచో నామి మారునా? మట్టి యొక్కటే, కుండ, మూకుడు, ప్రమిద యనునవి నోటిమాటలే యని ఉద్దాలకుడు శ్వేతకేతునకు బోధించిన పద్ధతిని చూచినచో, చెడుగుడన్నను కబడ్డియన్నను ఆట యొక్కటే. మా బందరునే చూడుడు: గ్రీకు నావికులు మసాలియా అనిరి, ఆంగ్లేయులు మసూలిపటామనిరి, ప్రభుత్వము మచిలీపట్నమనును, బస్సుకండక్టరు బందరు బందరని కేకవేయును, ఊరు కదలలేదు. పేరు ఉన్నంతమాత్రమున వస్తువు ఉండుననియు చెప్పరాదు. చిలకలపూడి బంగారమును కొన్నవారెవ్వరును దానిని తాకట్టు పెట్టుటకు పోరు. కనుక పేరునకు ఇంత విలువ యేలయని వేదాంతి అడుగవచ్చును. అడుగనిండు. పేరు పలుకుచు ఆడవలసిన ఆటలో పేరు ఉపాధి కాదు, ఉపాదానము. కుండకు మట్టి వంటిది. ఆటగాని నోట రెండు శబ్దములును ఒక్కటి కావు. కబడ్డిలో నడుమ ఒత్తు ఒకటి నాలుకను పట్టి ఆపును. చెడుగుడులో నాలుక డకారముమీద రెండుమాఱులు తేలిపోవును, ఊపిరి జాఱిపోదు. రెండింటిని ఆడి చూచినవాడను గనుక చెప్పుచున్నాను.

పేరుకన్న నాకు ఎక్కువ బాధ కలిగించునది గడియారము. పూర్వము కూతకు హద్దు ఊపిరి. ఎవని ఊపిరి యెంతో వాని కాలమంత. పొట్టివానికొక కాలము, రొమ్ము విశాలముగలవానికొక కాలము. ఇప్పుడు అందఱికిని ముప్పది సెకనులు. 2014లో మొదలైన ప్రో కబడ్డి లీగును, అందలి తెలుగు టైటన్సు ఆటలను టెలివిజనులో నేను తప్పక చూతును, మంచి పట్టు పడినప్పుడు కుర్చీలోనుండి లేతును. అయినను తెరమూలను తఱుగుచున్న అంకెలను చూచినప్పుడు, లోపలినుండి కొలువబడు ఆయువును బయటి యమునికి అప్పగించితిమి గదాయని మనసునకు తోచును. న్యాయనిర్ణేతలకు ఊపిరిని కొలుచుట కష్టము, తగవులు వచ్చును, నిజమే. తగవులు వచ్చుటలోనే మంగినపూడి తాతకు తీర్పుచెప్పు పనియు, కుఱ్ఱవానికి మీమాంసయు దక్కినవి.

2025 జూన్‌లో మసులా బీచ్ ఫెస్టివల్ పేర ఈ తీరముననే బీచ్ కబడ్డి పోటీలు పెట్టిరి. దీపముల వెలుగు, మైకులు, జట్టునకు నలుగురే ఆటగాండ్రు. జనము బాగుగా వచ్చిరి, సంతోషము. పోటీలలో కబడ్డి యనుడు, నియమమును నేను కాదనను. పాఠశాలలలో ఆటలు నేర్పు మాస్టర్లకు మాత్రము ఒక్క విన్నపము: పోటీలు లేని సాయంకాలములలో పిల్లలను చెడుగుడు అననిండు, అన్నవానిని చంపకుడు.

పాఠకుడు కూడ ఒక పని చేయవలెను. వాకిటిలో నిలిచి, ఊపిరి నిండుగా తీసికొని, నడుమ గాలి పీల్చక, చెడుగుడు చెడుగుడు అనుచు ఎన్ని వచ్చునో లెక్కించుకొని చూడుడు. చూచువారు నవ్వినచో నవ్వనిండు. ఈ వయస్సున నాకు ఇరువదియొకటి వచ్చుచున్నవి.